నిలబడ్డ నురగ

డాక్టర్ ఝాన్సీగారు గాజుగొట్టం మూత మీద బొటనవేలు అదిమిపెట్టి, మజ్జిగ చిలికినంత జోరుగా ఊపారు. ఊపి, చెక్క స్టాండులో నిలబెట్టి, "ఇక ఎవరూ ఈ బల్ల ముట్టుకోకండి" అన్నారు. చెప్పడమే గానీ ముట్టుకునే ధైర్యం అక్కడెవరికుంది! హారిక ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటోంది. వెనకాల నిలబడ్డ అత్తగారు పెద్దింట్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తన ఊపిరి తగిలి ఏమైనా అయిపోతుందేమోనని.

గొట్టంలో ఉన్నది పొద్దున హారిక కడుపులోంచి పొడుగాటి సూదితో తీసిన ఉమ్మనీరు. దాంట్లో స్పిరిట్ కలిపారు. ఊపగానే పైన తెల్లటి నురగ లేచింది. కాసేపటికి మధ్యలో ఉన్న పెద్ద బుడగలు ఒక్కొక్కటే చిట్లిపోయాయి. హారిక గుండె వాటితోపాటే జారింది. కానీ గొట్టం అంచున, గాజుని పట్టుకుని, సన్నటి బుడగల వరస ఒకటి చుట్టూ మిగిలింది. పాలగిన్నె అంచున మీగడ పట్టినట్టు మిగిలి, ఎంతసేపు చూసినా పోలేదు.

"ఏవిటమ్మా అది? ఉండాలా, పోవాలా?" అంది పెద్దింట్లమ్మ, ఇక ఆగలేక.

"ఉండాలి పెద్దమ్మా. లోపల బిడ్డ ఊపిరితిత్తులు పండితే అందులో సబ్బులాంటి జిగురొకటి ఊరుతుంది. అదుంటేనే పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోగలదు. ఆ జిగురు కొంచెం ఈ నీళ్ళలోకి కూడా వస్తుంది. వస్తే, స్పిరిట్ పోసి ఊపినా నురగ చావదు. రాకపోతే ఊపడం ఆపీ ఆపకముందే చస్తుంది." ఝాన్సీగారు కళ్ళజోడు పైకి తోసుకుని గొట్టాన్ని మళ్ళీ ఒకసారి చూశారు. "నిలబడింది."

ఆ ఒక్క మాట కోసమే హారిక బందరు నుంచి గుడివాడ వచ్చింది. ఆమెకి నెలసరి ఎప్పుడూ ఒక లెక్కలో రాదు. మొదటి స్కాను తీయించుకునేసరికే కడుపు కనిపిస్తోంది. అందుకే నెలలు నిండాయా లేదా అన్నదానికి స్కానుది ఒక మాట, పెద్దింట్లమ్మ వేళ్ళ లెక్కది ఒక మాట. పైగా షుగరు. షుగరున్న తల్లి కడుపులో బిడ్డ పైకి బొద్దుగానే పెరుగుతుంది, ఊపిరితిత్తులే వెనకపడతాయి. కార్బైడు వేసిన మామిడికాయలాగ పైకి పసుపు, లోపల పచ్చి. తొందరగా పండించే ఇంజెక్షన్లు లేకపోలేదు. కిందటి కడుపప్పుడు ఒకసారి అవి ఇస్తేనే హారికకి షుగరు చెయ్యి దాటిపోయింది. ఈసారి వాటి జోలికి పోనని డాక్టరమ్మగారు ముందే చెప్పేశారు.

"మేడం," అంది షిరీన్. ల్యాబులో పనిచేసే అమ్మాయి, తలమీద చున్నీ సర్దుకుంటూ రక్తం లెక్కపెట్టే మిషను పక్కన నిలబడి ఉంది. అదే ఉమ్మనీరు కొంచెం ఆ మిషనులో కూడా పెట్టింది. ఊపిరితిత్తుల్లోంచి రాలే సన్నటి రేణువులని అది లెక్కపెడుతుంది. "కౌంటు మధ్యలో ఆగింది మేడం. పండిందనడానికి చాలదు, పచ్చి అనడానికీ లేదు. ఇట్లా వస్తే ఆగి చూడమంటారు కదండీ."

"అంటారమ్మా. అది రక్తం కోసం చేసిన మిషను, మనం ఉమ్మనీరు పోస్తున్నాం. ఈ నురగ నేను ఉద్యోగంలో చేరిన రోజుల నుంచీ చూస్తున్నాను. ఇప్పుడెవరూ ఇది చెయ్యడం లేదు, పాతకాలపు టెస్టు అని నవ్వుతారు కూడా. నవ్వనీ. మిషను తేల్చనప్పుడు కంటికి కనపడేదాన్నే నమ్ముతాను." ఝాన్సీగారు హారిక వైపు తిరిగారు. ఆవిడ ముఖంలో చిన్న వేళాకోళం కనిపించింది. "పడవల టైముకి పిల్లలు పుట్టరని చెప్పాను నీకు. నీ బిడ్డ మాత్రం పడవ టైము చూసుకునే పుట్టేట్టుంది. షుగరుతో లోపల ఎక్కువ రోజులుంచడం నాకూ భయమే. ఆదివారం పొద్దున తీద్దాం."

హారిక రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని అక్కడే బెంచీ మీద కూచుండిపోయింది.

ఆదివారం అర్ధరాత్రితో ఈ రెండు నెలల చేపలవేట నిషేధం అయిపోతుంది. సోమవారం తెల్లారి పోటు ఎక్కగానే బందరు రేవు గిలకలదిండి నుంచి బోట్లన్నీ ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్ళిపోతాయి. వాటిలో ముందు వెళ్ళే బోటుకి హారిక మొగుడు గోపి డ్రైవరు.

*

ఫోనులో చెప్పినప్పుడు గోపి బోటు దగ్గరున్నాడు. అతని వెనకాల రేవులో చప్పుళ్ళన్నీ వినపడుతున్నాయి. ఎవరో సుత్తితో కొడుతున్నారు, ఎవరో రంగు డబ్బా కోసం అరుస్తున్నారు, ఐసు మిల్లు గిర్రుమంటోంది.

"నిలబడిందంటావా?" అన్నాడు.

"నా కళ్ళతో చూశాను బావా. చుట్టూరా నిలబడింది."

"అయితే ఆదివారం నేనక్కడుంటాను. ఈలోపల వల పని ఎంతుంటే అంత తెముల్చుకుని వచ్చేస్తాను. బిడ్డని ముందు నా చేతికే ఇయ్యమని చెప్పు డాక్టరమ్మగారికి."

"మీ అమ్మ ఊరుకుంటదా?"

"మా అమ్మకి తర్వాత. ముందు నాకు."

పక్కనుంచి వింటున్న పెద్దింట్లమ్మ, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నాట్ట నీలాంటోడు" అని ఫోనులోకి కేకేసింది. "ఆలి ఉంది, చూలు కూడా ఉందిగదే అమ్మా" అని అవతల గోపి నవ్వాడు. అతను అట్లా నవ్వి హారిక విని చాలా రోజులైంది. ఫోను పెట్టేశాక కూడా ఆ నవ్వు చెవిలోనే ఉంచుకోవాలని కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

పెద్దింట్లమ్మ ఊరుకునే మనిషి కాదు. మోపిదేవిలో తెలిసిన పంతులుగారికి ఫోను చేసి ఆదివారం పొద్దున నక్షత్రం ఏమిటో, ఏ గంట మంచిదో అడిగి, ఆ గంట డాక్టరమ్మగారికి చెప్పి ఒప్పించింది. కిందటి నాగుల చవితికి పుట్టలో పాలుపోసి, బిడ్డ కడుపున పడితే ఎత్తుకుని వస్తానని స్వామికి మొక్కుకుంది మరి. హారికని షుగరు చూసుకోవడానికి ఆసుపత్రిలోనే ఉంచేశారు. మేడ మీద గది. కిటికీలోంచి చూస్తే కాలువ కనిపిస్తుంది. వేసవి కదా, కాలువలు కట్టేశారు. అడుగున నెర్రెలిచ్చిన బురదలో రెండు కొంగలు తిరుగుతున్నాయి.

మంచం మీద పడుకుని హారిక ఆదివారాన్ని ఊహించుకునేది. ఆపరేషను గది తలుపు అవతల గోపి నిలబడి ఉంటాడు. ఉతికిన చొక్కా వేసుకుంటాడు, అయినా డీజిల్ వాసన పోదు. లోపల్నుంచి ఏడుపు వినపడుతుంది. అతను వింటాడు. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

మొదటి కానుపు పుట్టింట్లో, దివిసీమలో. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. గోపి అప్పుడు సముద్రం మీదున్నాడు. ఆడపిల్ల పుట్టిందని బోటు ఓనరు శ్యాంబాబు వైర్‌లెస్ సెట్టులో చెబితే, గోపి బోటు తిప్పాడు. అతను ఒడ్డుకి చేరేసరికి పిల్లని మట్టిలో పెట్టేశారు. ముఖం చూడలేదు. గుడ్డలో చుట్టిన మూట కూడా చూడలేదు. ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పకుండా నిలబడి, ఒకటే అడిగాడు.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది బావా," అంది హారిక. "గట్టిగా ఏడ్చింది."

తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. కానీ ఎవరింట్లోనైనా పసిపిల్ల ఏడిస్తే అతను చేస్తున్న పని ఆపి ఒక క్షణం అటు తిరిగేవాడు. వల సూది చేతిలో అట్లాగే ఉండిపోయేది. హారిక చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయేది.

*

శనివారం మధ్యాహ్నం ఆయా రెబెకా గదిలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆ ఆసుపత్రి కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "రేపు పిల్లతల్లివి కాబోతన్నావు, తల చూడు ఎట్టా ఉందో" అంది. "రా, తలంటుకో. ఆపరేషనైతే మళ్ళీ ఎన్నాళ్ళకో."

"నీళ్ళెక్కడున్నాయక్కా? పొద్దున ట్యాంకరు కూడా రాలేదంట."

"బోరు నీళ్ళున్నాయిగా. ఉప్పునీళ్ళే అనుకో. షాంపూ అయితే జిడ్డు కడతది గానీ కుంకుళ్ళు బాగానే పని చేస్తాయి. కింద నానబోసినవి ఉన్నాయి, తెస్తానుండు."

రెబెకా స్టీలు గిన్నె తెచ్చింది. అందులో చిక్కటి గోధుమరంగు రసం, అడుగున నలిగిన కుంకుడు తొక్కలు. స్నానాల గదిలో హారికని స్టూలు మీద కూచోబెట్టి, వెనక నిలబడి జడ విప్పింది. ఆమె చేతులు మొరటువైనా వేళ్ళు మెత్తగా తిరిగాయి. చెవుల వెనక, మెడ మీద, నడినెత్తిన. హారిక కళ్ళు మూసుకుంది. అమ్మ పోయాక తనకింకెవరూ తలంటలేదు.

"ఇన్ని కుంకుళ్ళు దేనికక్కా ఇక్కడ? ఎవరికి తలంటుతావు?"

"తలకి కాదమ్మా, గాజు సామానుకి. ల్యాబులో గొట్టాలు గట్రా నేనే కడుగుతాను. ఇదివరకు సబ్బుపొడితో తోమేదాన్ని. పోయిన నెల డాక్టరమ్మగారు కేకలేశారు. సబ్బు తగిల్తే ఆ నురగ టెస్టు తప్పుతదంట, సబ్బన్నది ముట్టుకోవద్దు, నీళ్ళతోనే కడుగన్నారు. ఉత్త నీళ్ళతో కడిగితే శుభ్రమైనట్టా? నాకేమో మనసొప్పదు. అందుకని సబ్బు మానేసి కుంకుళ్ళు పట్టుకున్నాను. దేవుడిచ్చిన కాయ, ఇందులో మందూ మాకూ ఏం ఉండదు. బంగారం కూడా దీంతోనే గదా కడుగుతారు."

"తర్వాత బాగా తొలుస్తావా?"

"నీళ్ళుంటే తొలుస్తాను. కాలువ కట్టేసింది మొదలు డ్రమ్ములో ఒక్కసారి ముంచి తియ్యడమే."

హారిక ఇంకేమీ అడగలేదు. గిన్నెలో మిగిలిన రసం రెబెకా ఆమె దోసిట్లో పోసి, "ముందరి వెంట్రుకలకి నువ్వే రుద్దుకో" అంది. హారిక రెండు అరచేతులూ కలిపి రుద్దింది. ఉప్పునీళ్ళలో కూడా నురగ తెల్లగా లేచింది. పెద్ద బుడగలు చిట్లిపోయాయి. సన్నవి మిగిలాయి. వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచున, ఉంగరం చుట్టూ పట్టుకుని నిలబడ్డాయి. చెయ్యి కిందకి వంచితే కారలేదు. ఊదితే పోలేదు.

ఎక్కడో చూసినట్టుంది అనుకుంది. మరుక్షణం ఎక్కడ చూసిందో తెలిసింది. రుద్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏమ్మా, కంట్లో పడిందా?" అంది రెబెకా.

"పడిందక్కా," అంది హారిక. నిజానికి పడలేదు. అయినా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

తల తుడుచుకుని మంచం మీద కూచుంది. పెద్దింట్లమ్మ కింద ఎవరితోనో ముహూర్తం గురించి గొప్పగా చెప్పుకుంటోంది. హారిక తనతో తాను బేరమాడటం మొదలుపెట్టింది. ఒకవేళ ఆ గొట్టం సరిగ్గానే తొలిచి ఉండొచ్చు. ఒకవేళ కొంచెం కుంకుడుదీ కొంచెం బిడ్డదీ కలిసి ఉండొచ్చు. మిషను కూడా పూర్తిగా కాదనలేదు కదా. చదువుకున్న డాక్టరమ్మగారు చూసి సరే అన్నాక మధ్యలో తనెవరు? నోరు మూసుకుంటే చాలు, రేపీపాటికి గోపి బిడ్డని ఎత్తుకుని ఉంటాడు. నోరు తెరిస్తే గోపి సముద్రం మీదుంటాడు, తను మళ్ళీ ఒంటరిగా ఆ బల్ల మీద. ఆశ ఎంత చెడ్డదంటే, ఇంత తెలిశాక కూడా ఆ నురగని నమ్ముదామనే చూసింది ఆమె మనసు.

లోపల బిడ్డ ఒకసారి ఒత్తిగిలింది. కాలో, మోచెయ్యో, గట్టిగా ఒక పక్కకి తగిలింది. హారిక ఆ గుబ్బ మీద చెయ్యి వేసి ఉంచింది.

*

సాయంత్రం గోపి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చొక్కా ఉతికిందే గానీ మోచేతుల దగ్గర నీలం రంగు మరకలు అట్లాగే ఉన్నాయి, బోటుకి వేసిన రంగు. చేతిలో సంచీ. సంచీలోంచి కొత్త తువ్వాలు తీసి, "ఇది బిడ్డకి" అన్నాడు. దాన్ని మంచం మీద పరిచి చేత్తో సాపు చేశాడు. "మెత్తగా ఉందిగా? కోనేరు సెంటర్లో నాలుగు కొట్లు తిరిగాను. అన్నీ గరుకే."

హారిక తువ్వాలు వైపు చూడలేకపోయింది.

"బావా, ఆ నురగ అబద్ధం."

చెప్పింది. కుంకుళ్ళ సంగతి, డ్రమ్ములో ఒక్కసారి ముంచడం, తన చేతుల్లో నిలబడ్డ నురగ, అంతా. గోపి విన్నాడు. వింటున్నంతసేపూ అతని చెయ్యి తువ్వాలు అంచుని మడుస్తూ విప్పుతూ ఉంది.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే..." అని ఆగిపోయాడు. ఆ మాట తర్వాత ఏముందో ఇద్దరికీ తెలుసు. గోపి చెడ్డవాడు కాదు. రెండేళ్ళుగా ఒక్క దానికోసం ఎదురుచూసి, అది గుమ్మం దాకా వచ్చాక పొమ్మనలేనివాడు.

"నేనాగిపోతే?" అన్నాడు మళ్ళీ తనే. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "డ్రైవరు లేకపోతే బోటు కదలదు. ఏడుగురు ఈ రెండు నెలలూ ఒడ్డున కూచున్నారు, ఈ మొదటి వేట కోసం. వాళ్ళ ముఖాలెట్టా చూడను." కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత దొరికిందన్నట్టు తలెత్తాడు. "అది కాదే. మన మొదటి పిల్ల ఎంత ముందు పుట్టింది? దీనికన్నా చాలా ముందు గదా. అయినా గట్టిగా ఏడ్చిందన్నావు. ఏడ్చిందంటే ఊపిరున్నట్టేగా. ఏదో మన ఖర్మ కాలి పోయింది గానీ, ఊపిరైతే ఉందిగా. మరి ఇది అంతకన్నా పెద్దది. ఇదెందుకు ఏడవదు?"

హారిక అతని ముఖం చూసింది. ఎప్పుడో అతని బాధ తగ్గిద్దామని చెప్పిన చిన్న అబద్ధం. దాన్ని అతను ఇన్నాళ్ళూ జాగ్రత్తగా దాచుకుని, ఇప్పుడు తీసి ఆమె ముందే పెట్టాడు.

"ఏడవలేదు బావా."

"ఏంటి?"

"ఆ పిల్ల ఏడవలేదు. నీతో అబద్ధం చెప్పాను. నోరు తెరిచింది, గొంతు రాలేదు. ఒడ్డున పడ్డ చేపపిల్ల చూడు, అట్లా. డొక్కలు లోపలికి పోతా ఉన్నాయి. సన్నగా మూలిగింది. ఆసుపత్రికని పంటు పడవెక్కి నది దాటి ఇవతలి ఒడ్డుకొచ్చేదాకా అట్లా మూలుగుతానే ఉంది, నేను వింటానే ఉన్నాను. తర్వాత అదీ లేదు."

గోపి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద ఎండిన కాలువలో కొంగలు లేవు. అతని వీపు ఒకసారి పైకి లేచి దిగింది.

"ఒక్కసారి కూడా ఏడవలేదా?"

"లేదు బావా."

అతను తిట్టినా బాగుండుననుకుంది హారిక. తిట్టలేదు. తిరిగొచ్చి, మంచం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచీలో పెట్టాడు. "పద, డాక్టరమ్మగారి దగ్గరికి" అన్నాడు. లేవడానికి ఆమెకి చెయ్యి అందించాడు.

తలుపు దగ్గర రెబెకా నిలబడి ఉంది, చేతిలో పాలగ్లాసుతో. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. హారిక "నీ పేరు రాకుండా చెప్తానక్కా" అనబోయింది. రెబెకా గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, "నా పేరు రాకుండా ఎట్టా చెప్తావమ్మా, కడిగింది నేనైతే" అని వాళ్ళకంటే ముందు మెట్లు దిగింది.

*

ఝాన్సీగారు అంతా విన్నారు. షిరీన్‌ని పిలిచారు. ఫ్రిజ్‌లో ఉంచిన ఉమ్మనీరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. కొత్త గొట్టం ఒకటి అట్టపెట్టె విప్పి తీయించారు. సీసాలోని శుద్ధి చేసిన నీళ్ళతో తనే స్వయంగా రెండుమూడుసార్లు కడిగి ఆరబెట్టారు. కొలిచి పోశారు, స్పిరిట్ కలిపారు, ఊపారు. స్టాండులో పెట్టారు.

నురగ లేచింది. పెద్ద బుడగలు చిట్లాయి. చిన్నవి అంచుదాకా వెళ్ళాయి, ఒక్కటొక్కటే మాయమయ్యాయి. గాజు మిగిలింది, నీళ్ళు మిగిలాయి.

పెద్దింట్లమ్మ "స్వామీ" అని గోడకి చేరగిలబడింది.

ఝాన్సీగారు కుర్చీలో కూచున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడ అంత పెద్దావిడని హారిక అంతవరకూ గమనించలేదు. "నువ్వు ఆగుదామన్నావు షిరీన్" అన్నారు. షిరీన్ తల వంచుకుంది. గోడ పక్కన రెబెకా ఏడుస్తోంది. ఝాన్సీగారు ఆమె వైపు తిరిగారు.

"ఏడవకు రెబెకా. సబ్బు వద్దన్నాను. కుంకుళ్ళు వద్దనలేదు." ఆగి, "అవి కూడా వద్దు" అన్నారు.

ఆదివారం ఆపరేషను ఆగిపోయింది. నక్షత్రం దాని దారిన అది వెళ్ళిపోయింది. ఆ గంట దాటుతున్నప్పుడు పెద్దింట్లమ్మ గోడ గడియారానికి వీపు పెట్టి కూచుంది. గోపి తువ్వాలున్న సంచీ హారిక మంచం కిందే ఉంచి మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాడు. వెళ్ళేముందు మంచం పక్కన మోకాళ్ళ మీద కూచుని, హారిక పొట్టకి చెవి ఆనించాడు. అతనికి ఏం వినపడిందో తెలియదు. "తొందరేం లేదు, నిదానంగానే రా" అన్నాడు, పొట్టతో. హారిక అతని జుట్టులో వేళ్ళు పెట్టింది. ఉప్పుగాలికి బిరుసెక్కిన జుట్టు. ఆ వేళ్ళు తీయడం ఆమెకి చాలా కష్టమైంది.

సోమవారం తెల్లారి ఫోను మోగింది. గోపి మాట్లాడలేదు, ఫోను ఎత్తి పట్టుకున్నాడంతే. గంగమ్మకి కొబ్బరికాయలు కొడుతున్న చప్పుడు, ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్న చప్పుడు, మొగ దాటుతున్నప్పుడు ఎవరో వేసిన ఈల. తర్వాత సిగ్నలు పోయింది. హారిక ఫోను చెవి దగ్గరే ఉంచుకుని తెల్లవారడం చూసింది.

*

కాలువకి నీళ్ళు వదిలిన వారంలో ఆమెకి నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఎర్రటి కొత్తనీరు తుక్కునీ తామరాకుల్నీ నెట్టుకుంటూ కిటికీ కింద పారుతోంది. పొద్దు బాగా ఎక్కాక, బిడ్డ పెద్దదని ఆపరేషనుకే తీసుకెళ్ళారు. బల్ల మీద పడుకుని, నడుం కింద స్పర్శ లేకుండా, అడ్డంగా కట్టిన పచ్చగుడ్డని చూస్తూ హారిక చెవులొక్కటే అప్పగించింది. కత్తుల చప్పుడు. ఝాన్సీగారి గొంతు. తర్వాత ఏ చప్పుడూ లేని ఒక క్షణం. ఆ క్షణంలో ఆమె పంటు మీదుంది. నది మీద గాలి, ఒడిలో సన్నటి మూలుగు.

అప్పుడు పచ్చగుడ్డ అవతల బిడ్డ కేరుమంది.

మామూలు ఏడుపు కాదు. తనని లేపినందుకు ఊరంతటి మీదా పోట్లాటకి దిగినట్టు ఏడ్చింది. షిరీన్ ల్యాబులోంచి పరిగెత్తుకొచ్చి తలుపులోంచి తొంగి చూసింది. "ఆడపిల్ల. విను తల్లీ, తనివితీరా విను" అన్నారు ఝాన్సీగారు. హారిక వింటూనే ఉంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా విన్నది.

గదిలోకి తెచ్చాక పిల్లని ఆమె పక్కన పడుకోబెట్టి, పెద్దింట్లమ్మ ముందు చేసిన పని శ్యాంబాబుకి ఫోను. రేవులో అతని ఐసు షెడ్డులోనే వైర్‌లెస్ సెట్టు ఉంది.

"బాబూ, పుట్టింది. మావాడికి చెప్పు."

"చెప్పడమెందుకు పెద్దమ్మా, వినిపిద్దాం. మనోళ్ళు కృత్తివెన్ను తిన్నగా, ఒడ్డుకి దగ్గర్లోనే ఉన్నారంట, అందుతారు. ఫోను పిల్ల దగ్గర పెట్టు, ఈ ఫోను నేను మైకు దగ్గర పెడతాను." సెట్టు గరగరలాడింది. "గోపీ, గోపీ, గిలకలదిండి. కూతురు పుట్టిందయ్యా! ఇదిగో, విను!"

పిల్ల అప్పటికింకా ఏడుస్తూనే ఉంది. పెద్దింట్లమ్మ ఫోను తెచ్చి దాని నోటి దగ్గర పట్టుకుంది. ఆ ఏడుపు గుడివాడ నుంచి బందరుకి, ఐసు షెడ్డు నుంచి సముద్రానికి వెళ్ళింది. ఆ చానల్లో ఉన్న బోట్లన్నిటికీ వెళ్ళింది. ఎప్పుడూ చేపల రేట్లూ గాలి కబుర్లూ బూతులూ మోగే చానల్లో ఒక్కరూ నోరెత్తలేదని తర్వాత శ్యాంబాబు చెప్పాడు.

పిల్ల కాస్త ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు అవతల్నుంచి ఇంజను చప్పుడు వచ్చింది. గాలి, నీళ్ళు, ఇంజను. అంతే. గోపి మైకు నొక్కాడు, మాట రావడం లేదు. ఇంజను చప్పుడు అట్లాగే వస్తూ ఉంది. ఎంతసేపటికీ ఆగలేదు.

"బటను వదలవయ్యా!" అని శ్యాంబాబు అరిచాడు. "నువ్వు నొక్కి పట్టుకుంటే నీకేం వినపడుద్ది! ఎవరన్నా వాడి చెయ్యి తియ్యండ్రా!"

ఇంజను చప్పుడు ఆగిపోయింది. సెట్టు నిశ్శబ్దమైంది. అవతల వింటున్నాడు.

ఇవతల పిల్ల ఏడుపు మానేసి, తడి కళ్ళు సగం తెరిచి, నిద్రలోకి జారుకుంటోంది. పెద్దింట్లమ్మ కంగారుగా కోడలి వైపు చూసింది. హారిక కదలలేని ఒంటితోనే చెయ్యి చాపి, మెత్తటి తువ్వాలు మడత తొలగించి, ఆ చిన్న అరికాలు మీద వేలితో ఒక్క దెబ్బ వేసింది.

పిల్ల మళ్ళీ కేరుమంది.

"విను బావా," అంది హారిక.